తలుపు చాటు పాఠకురాలు

మా అత్తమ్మ పోయిందన్న మాట నాకు వాగు అవతలి ఒడ్డు నుంచి కేకగా వచ్చింది. రెండు రోజులుగా ముసురు పట్టి వదలలేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే మోటారు బస్సు లింగంపేట దగ్గర వాగు ముందు నిలిచిపోయింది. డ్రైవరు బీడీ ముట్టించి, నీళ్ళు తగ్గితే ముందుకు, తగ్గకుంటే వెనక్కి అన్నాడు. నేను వెనక్కి పోదలచుకోలేదు. ఒడ్డున ఒక రాయి మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. అవతలి ఒడ్డుకు మా బామ్మర్ది దగ్గర పనిచేసే జీతగాడు వచ్చాడు. కబురు అందగానే నేను బయల్దేరతానని వాళ్ళకు తెలుసు కనుక దారి చూసి రమ్మని పంపారు. అతను నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

“పంతులూ, అవ్వ పోయింది. పొద్దుగాల్నే పోయింది.”

ఆ వాగు అంత వెడల్పేమీ కాదు. ఎండాకాలంలో చెప్పులు చేత పట్టుకుని దాటుతాం. ఆ రోజు మాత్రం ఎర్రనీళ్ళు గట్టును కోసుకుంటూ పోతున్నాయి. ఎప్పుడు ఎత్తుతారని అరిచి అడిగాను. వాన ఆగిన సందు చూసి మధ్యాహ్నం లోపలే అన్నాడు. నేను వచ్చేదాకా ఆపమని చెప్పు అన్నాను. ఆపరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నా చంకలో సంచి, సంచిలో గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి ఉంది. నేను తడిసి ముద్దయ్యాను గాని అది తడవలేదు. అందులో చివరి ముప్పై పేజీలు ఆమెకు చదివి వినిపించాలనే నేను పోతున్నాను. బురదలో అట్లాగే కూలబడ్డాను. డ్రైవరు వచ్చి రెక్క పట్టుకుని లేపాడు.

మన గ్రంథాలయ సభ్యుల్లో ఆమెను చూసినవాళ్ళు లేరు. ఆ మాటకొస్తే నేనూ సరిగా చూడలేదు. తొమ్మిదేళ్ళు అల్లుణ్ణి. మా వైపు పెద్ద ఇళ్ళలో అత్త అల్లుడి ముందుకు రాదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. అల్లుడు అరుగు మీద, అత్త తలుపు వెనక. మధ్యన మాట మోసేది కూతురు. నాకు తెలిసిన అత్తమ్మ అంటే తలుపు కింది సందులో కనిపించే రెండు పాదాలు, వెండి కడియాలు, ఒక గొంతు. ఆ గొంతు కూడా నాతో కాదు, నా భార్యతో మాట్లాడేది. అయినా మీలో నవలలు తీసుకుపోయిన ప్రతివారి చేతికీ ఆ పుస్తకం ఆమె చదివాకే వచ్చింది. కనుక మీకు నేనొక సంజాయిషీ ఇచ్చుకోవాలి. అది చెప్పకుండా ఆమె సంగతి చెప్పలేను.

మన గ్రంథాలయం మీకు కొత్త కాదు. స్టేషను దారిలో, బెల్లం దుకాణాల వెనక ఒక గది, రెండు బీరువాలు, ఎంత తుడిచినా పోని చీమలు. పగలు సర్కారుది కాని ఖాన్గీ బడిలో తెలుగు చెప్పి, సాయంత్రం నేనిక్కడ రిజిష్టరు ముందు కూర్చుంటాను. కార్యదర్శిని గదా, నా తల అప్పట్లో కొంచెం పైనే ఉండేది. చరిత్ర చదవండి, విజ్ఞానం చదవండి అని వచ్చినవాళ్ళందరినీ వేధించేవాణ్ణి. ప్రేమ నవలలంటే నాకు ఒళ్ళుమంట. ఎవరో పుణ్యాత్ములు విరాళంగా పంపిన పెట్టెల్లో అవే ఎక్కువగా వచ్చేవి. వాటిని కింది అరలో, చీపురు పక్కన పెట్టేవాణ్ణి.

పెళ్ళయిన మొదటి ఏడు నా భార్య ఒక మాట చెప్పింది, వాళ్ళ అవ్వకు, అంటే మా అత్తమ్మకు, చదువు వచ్చునని. నేను నమ్మలేదు. నా భార్యకే అక్షరం రాదు. అత్తమ్మ పుట్టిల్లు బీబీపేట. తండ్రి కొడుకులకు ఇసుకలో అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని దిద్దిందట. ఎల్లారెడ్డి కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో పంచాంగం తప్ప మరో కాగితం లేదు. అంగడి నుంచి జీలకర్ర పొట్లం వస్తే ముందు పొట్లం విప్పి, జీలకర్ర చేటలో పోసి, కాగితం సాపుచేసి చదువుకునేదట. అట్లా చాలా ఏళ్ళు, మొదలూ చివరా లేని వార్తలే చదివింది. భర్త పోయాక ఆ పొట్లాలు కూడా నలుగురిలో చదవడానికి సిగ్గుపడిందని నా భార్య చెప్పింది.

అయ్యో అనిపించింది. అప్పటికే విధవరాలు, పెద్దావిడ. నాకు తెలిసిన మర్యాద ప్రకారం భక్తుల చరిత్రలు, భజన కీర్తనలు తీసుకుపోయి అరుగు మీది మంచంపై పెట్టి వచ్చేవాణ్ణి. నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేవి, మంచిగున్నది అన్న ఒక్క మాటతో. నేను మురిసిపోయి మరో రెండు పంపేవాణ్ణి. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఇక్కడ మన పుస్తకాలకు అట్టలు వేసి జిల్దు కట్టే సాయిబు సంగతి చెప్పాలి. అట్టకూ గుడ్డకూ ఖర్చు తగ్గాలని పలుచటి పుస్తకాలు రెండేసి కలిపి ఒకే జిల్దు కట్టమని మనమే అతనికి చెప్పాం. అతనికి తెలుగు రాదు. సైజు చూసి జత చేస్తాడు. వీపు మీద మొదటి పుస్తకం పేరొక్కటే నేను రాస్తాను. అట్లా ఒక శతకం వెనక ఒక ప్రేమ నవల చేరింది. అది నేను చూసుకోలేదు. శతకం గదా అని ఎల్లారెడ్డికి పట్టుకుపోయాను.

పది రోజులైనా తిరిగి రాలేదు. వచ్చినప్పుడు నా భార్య, అవ్వకు ఇది మస్తు నచ్చిందట, గిసోంటిదే ఇంకోటి తెమ్మన్నది అని చెప్పింది. నేను మరో శతకం పంపాను. దాని వెనక సాయిబు పశువుల రోగాల పుస్తకం కట్టాడు. రెండో రోజే వెనక్కి వచ్చింది, మాటా పలుకూ లేదు. ఇంకొకటి పంపాను. దాని వెనక వ్యాకరణం. ఆ తర్వాత తలుపు వెనక నుంచి నా భార్యకు ఒక మాట వచ్చింది, ఈసారి ఎనక భాగం చూసి తెమ్మను అని. నాకు అర్థం కాలేదు. వెనక భాగమేమిటి, పుస్తకమేమైనా ఇల్లా అని విసుక్కున్నాను కూడా.

కామారెడ్డి వచ్చాక ఆ మొదటి జిల్దు తీసి చూశాను. శతకం పేజీలు కొత్తగా, ముట్టనట్టుగా ఉన్నాయి. వెనక నవల పేజీలు మెత్తబడి, అంచుల్లో పసుపు వేలిముద్రలు. ఒక పేజీలో ఈనెపుల్ల మరిచిపోయింది. ఆ పేజీలో ఒక పడవ సరంగు, ఒక బడిపంతులమ్మ నది ఒడ్డున నిలబడి దెబ్బలాడుకుంటున్నారు. ఎందుకు దెబ్బలాడుకుంటున్నారో చూద్దామని ఒక పేజీ వెనక్కి పోయాను. తర్వాత మొదటికే పోయాను. ఆదివారం పొద్దంతా అట్లా గడిచింది. అన్నానికి పిలిస్తే నా భార్య మీద కేకలేశాను. పూర్తయ్యాక ముఖం కడుక్కోవలసి వచ్చింది. ఇన్నాళ్ళూ చీపురు పక్కన పెట్టిన పుస్తకాలు ఇవా అనిపించింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? ఇదిగో అత్తమ్మా, ప్రేమ నవల, చదువుకో అని అల్లుడు ఇవ్వలేడు. ప్రేమ నవలే తెచ్చిపెట్టమని పైకి అడగడం ఆమెకూ కుదరదు. అందుకని నేను సాయిబు దగ్గరికి పోయి, ఏ భజన వెనక ఏ నవల కట్టాలో చీటీలు పెట్టి ఇచ్చాను. సభ్యులారా, అప్పటి నుంచి జరిగినదంతా కావాలని జరిగిందే. రామకథ వెనక ఈ సరసం ఏమిటని మీలో కొందరు నన్ను నిలదీశారు. ఒక పెద్దాయన కీర్తనల పుస్తకం ఇంటికి తీసుకుపోతే, కోడలు వెనక భాగంలో మునిగి అన్నం మాడబెట్టిందని నా మీదికి వచ్చాడు. సాయిబుకు తెలుగు రాదు, పొరపాటున కట్టాడని నేను తప్పించుకున్నాను. అది అబద్ధం. ఆ సాయిబును నిష్కారణంగా తిట్టించాను. అతను దీన్ని చదవలేడు కాబట్టి ఎవరైనా వినిపించండి.

ఆమె చదివే పద్ధతి నా భార్య చెబితే తెలిసింది. మధ్యాహ్నం కూలీలు అన్నాలు తిని మళ్ళీ పొలానికి పోయాక, వడ్ల గరిసె పక్కన గోడకానుకుని, వరస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేదట. ఎవరైనా వస్తే టక్కున ముందు భాగం తిప్పి శతకం పైకి చదివేది. వచ్చినావిడ ఎంత భక్తి అనుకుని దండం పెట్టి పోయేది. దేవుడు ముందట కూసోని నాకు కావలి కాస్తున్నడు బిడ్డా అని కూతురితో అని నవ్వేదట.

మొదట నెలకు ఒకటి, తర్వాత రెండు, చివరికి నేను పోయిన ప్రతిసారీ మూడు జిల్దులు. మన కింది అర మొత్తం ఆమె రెండుసార్లు చదివింది. ఎవరూ తెరవని పెట్టెల అడుగున ఉన్నవి కూడా ఆమె కోసమే బయటికి తీశాను. వాటిలో కొన్ని ఇప్పుడు మీరు వరసలో నిలబడి అడుగుతున్నవి. ఆమెకు మొహమాటం లేని అభిప్రాయాలుండేవి. పేజీ నిండా కథానాయిక అందం వర్ణిస్తే ఆమెకు చిరాకు. గింత అందమున్న పిల్ల పని ఎప్పుడు చేస్తది అనేది. ఒక కథలో డాక్టరు అచ్చం తన పెద్ద బావ లెక్క ఉన్నాడని, పది మాటలు చెప్తాడు గాని అసలు మాట చెప్పడని అన్నది. నేను ఇటు నుంచి ఆ డాక్టరును సమర్థిస్తూ జవాబు పంపేవాణ్ణి. అటు నుంచి ఆమె దులిపేసేది. మీ ఇద్దరి నడుమ నా కాళ్ళరుగుతున్నయి అని నా భార్య సణిగేది. ముఖం చూడని మనిషితో అంత చనువుగా నేను మరెవరితోనూ పుస్తకాల గురించి మాట్లాడలేదు. ఇక ముందు మాట్లాడతానన్న ఆశ కూడా లేదు.

యుద్ధం వచ్చింది. కాగితం కరువై కొత్త పుస్తకాలు రావడం ఆగింది. అదే సమయంలో ఆమె కళ్ళలో పొర కమ్మింది. వరసలు కలిసిపోతున్నాయని, పేజీ ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియడం లేదని కబురు చేసింది. ఆ పైన కడుపునొప్పి. హైదరాబాదు తీసుకుపోతే డాక్టరు కడుపులో గడ్డ అన్నాడు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఎన్నాళ్ళని బామ్మర్ది అడిగితే వానలు పడేదాకా అన్నాడట. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసని మాత్రం అందరికీ తెలుసు.

ఈ ఎండాకాలం బడికి సెలవులివ్వగానే నేనూ నా భార్యా ఎల్లారెడ్డి చేరాం. మంచంలో ఉన్న ఆమె అడిగింది ఒక్కటే, ఎవరన్నా చదివి వినిపిస్తే బాగుండు అని. ఇంట్లో ఎవరున్నారు? బామ్మర్ది చదివిందంతా ఉర్దూలో. తెలుగులో సంతకం కూడా కష్టం. నా భార్యకు రాదు. మిగిలింది నేను. అత్తమ్మ మంచాన్ని లోపల తలుపు పక్కకు జరిపారు. తలుపు దగ్గరగా వేశారు. నేను అరుగు మీద, గోడకు వీపు పెట్టి కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

మీరెప్పుడైనా వీధిలో నలుగురూ పోతుండగా, అత్తగారికి, గొంతెత్తి ప్రేమ నవల చదివారా? నాకు చెమటలు పోశాయి. ఎవరైనా చేతిలో చెయ్యి వేస్తున్నారంటే ఒక పేజీ ముందే తెలిసిపోయేది. రెండు పేజీలు కలిపి తిప్పేవాణ్ణి. లోపల నుంచి వెంటనే కూతురితో మాట వచ్చేది, అల్లుడు ఒక ఆకు ఎక్కువ తిప్పిండు, చప్పుడు ఇనొచ్చింది, అందుల ఏమున్నదో చదవమను అని. కళ్ళు పోయాక ఆమెకు చెవులు అట్లా పనిచేసేవి. వెనక్కి తిప్పి, ముఖం పుస్తకంలో దాచుకుని చదివేవాణ్ణి. వారం గడిచేసరికి సిగ్గు పోయింది.

ఒకనాడు మధ్యలో ఆగి, నా భార్యతో అడిగించాను, అత్తమ్మకు ఇవే ఎందుకు ఇంత ఇష్టమని. తలుపు వెనక నుంచి జవాబు మెల్లగా వచ్చింది.

“మీ నాయిన నాతోటి ఇరవై ఏండ్లు సంసారం చేసిండు బిడ్డా. మంచోడే. గని నీళ్ళు తే, అన్నం పెట్టు, గొడ్లొచ్చినయా, గివి తప్ప ఒక్క మాట మాట్లాడింది నాకు యాదికి లేదు. ఈ పుస్తకాలల్ల ఇద్దరు ఒక్కకాడ కూసోని మాట్లాడుకుంటరు. గదే నాకు ఇష్టం.”

ఆ మాట నా భార్య నాకు తిరిగి చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. నేను విన్నానని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం నా భార్య బావి దగ్గర ఒంటరిగా ఉంటే పక్కకు పోయి నిలబడ్డాను. ఏదైనా మాట్లాడాలనుకున్నాను. రేపు కూర ఏంది అని అడిగి వచ్చేశాను.

చివరి నవల రెండు భాగాలది. మొదటి భాగం మన బీరువాలో ఏళ్ళుగా ఉంది. రెండో భాగం లేదు, దాని కోసం అత్తమ్మ నాలుగేళ్ళ నుంచి అడుగుతూనే ఉంది. ఎంతో తిరిగితే సికింద్రాబాదులో ఒక మిత్రుడి ఇంట్లో దొరికింది. కథ పెద్దదేమీ కాదు. ఒక పిల్లకూ ఒక పిల్లవాడికీ ఇష్టం. అతను దూరాన ఓడరేవులో పనికి పోతాడు. ఉత్తరాలు మధ్యలో ఎవరో దాచేస్తారు. ఆ పిల్లకు వేరే సంబంధం ఖాయం చేస్తారు. పెళ్ళికి రెండు రోజుల ముందు ఆమె ఇల్లు వదిలి అతన్ని వెతుక్కుంటూ పోతుంది. రైళ్ళెక్కి, దారులడిగి, ఓడరేవు చేరి, అక్కడ అతను ఆసుపత్రిలో ఉన్నాడని విని, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి కాపలావాడికి అతని పేరు చెబుతుంది. అక్కడికి చదివి ఆ పూటకు ఆపాను. అప్పటికి అత్తమ్మ గంజి తప్ప ఏమీ తీసుకోవడం లేదు. అయినా ఆ రోజు కూతుర్ని పిలిచి, ఆ పిల్ల చెప్పులు తెగిపోయినయి గదా, ఎట్ల నడిచిందో అని బాధపడిందట.

ఆ సాయంత్రం నేను మిగతా ముప్పై పేజీలు ముందే చదివాను. చదవకపోతే బాగుండేది. అతను చనిపోతాడు.

నా భార్యకు చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. సచ్చుడున్న కథ అవ్వకు చదవకు, నీ కాళ్ళు మొక్కుత అన్నది. నాకూ అదే న్యాయమనిపించింది. మరుసటి రోజు అరుగు మీద కూర్చుని, చివరి పేజీలు చినిగిపోయి ఉన్నాయని, సికింద్రాబాదు నుంచి మంచి ప్రతి తెప్పిస్తానని చెప్పాను. నిన్న సాయంత్రం నేను ఆ పేజీలు తిప్పిన చప్పుడు ఆమె విని ఉంటుందని, ఎన్ని ఆకులు తిరిగాయో చెప్పగల చెవులు ఆమెవని నేను మరిచాను. ఆ పూటకు మూడుసార్లు నా భార్యను పంపింది, సరిగ్గ చూడమను అని. మూడుసార్లూ లేవన్నాను. మర్నాటికి బడి తెరుస్తారు, నేను కామారెడ్డి పోవాలి. సంచి సర్దుకుని చెప్పులు వేసుకుంటున్నాను. నా భార్య పెరట్లో ఉంది. తలుపు వెనక మంచం కిర్రుమన్నది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె నాతో మాట్లాడింది.

“అల్లుడా, ఆ పిల్ల ఆయినను కలిసిందా లేదా? గదొక్కటి చెప్పు.”

అవును అంటే సరిపోయేది. అవునన్నదే నిజం కూడా. కాని ఆమె నాతో నేరుగా మాట్లాడిందన్న అదురులో, తర్వాత ఏమైందని అడిగితే ఏం చెప్పాలన్న భయంలో, వచ్చే వారం వచ్చి చదువుతానని గొణిగి మెట్లు దిగాను. పుస్తకం కూడా తీసుకుపోయాను. అక్కడ వదిలితే ఏ పోస్టుమాస్టరునో పిలిపించి చదివించుకుంటుందని. ఇంతకంటే పిరికిపని నేను నా జీవితంలో చెయ్యలేదు.

నాలుగో రోజున బామ్మర్ది కార్డు వచ్చింది, ఉర్దూలో. అవ్వ మాట తగ్గింది, కాని పుస్తకం పుస్తకం అంటున్నది, ఏ పుస్తకమో మాకు తెలియడం లేదు, పంచాంగం ఇస్తే విసిరికొట్టింది అని రాశాడు. నాకు ఉర్దూ రాదు కనుక దాన్ని చదివి చెప్పిన మా బడి మున్షీ ముందు నేను ఏడ్చాను. చావుంటే ఉండనీ, ఒక్క అక్షరం వదలకుండా చదువుతానని ఆ గంటకే బస్సెక్కాను. ఆ బస్సే వాగు దగ్గర ఆగింది.

మర్నాడు నీళ్ళు నడుముకు దిగాక, పుస్తకం నెత్తిన పెట్టుకుని దాటాను. నేను చేరేసరికి పొలంలో బూడిద కూడా చల్లారింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోట ఆకులో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిందని. అప్పుడు బతికున్నవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు పోయి ఆకు దగ్గర మాట ఇస్తారు. వాన తెరిపిచ్చి ఎండ కాస్తున్నది. పప్పు, గారెలు, బెల్లం పరమాన్నం మోదుగాకులో పెట్టి బామ్మర్ది దండం పెట్టాడు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

బామ్మర్ది ముందుకు పోయి, అవ్వా, నీ బర్రెను అమ్మను అన్నాడు. కాకులు కదలలేదు. అక్కను పండుగ పండుగకు తోలుకొస్త అన్నాడు. చీర పెడతనన్నాడు. అతని భార్య పోయి, పిల్లలను కొట్టనని మాట ఇచ్చింది. అత్తమ్మ పెద్ద బావ, అదే డాక్టరు లెక్క ఉన్నాడని ఆమె అన్న ముసలాయన, కర్ర ఊతగా వంగి, నా వల్ల తప్పేమన్న జరిగితే మనసుల పెట్టుకోకు అన్నాడు. గంట గడిచింది. అన్నం ఎండకు బిరుసెక్కుతున్నది. బామ్మర్ది అందరి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్వడం మొదలుపెట్టాడు. ఇంకేం కావాలె అవ్వా అని.

నా భార్య నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి, నా సంచి పట్టీ పట్టుకుని, “గా పుస్తకం చదువు” అన్నది.

గుడ్డ విప్పి పుస్తకం బయటికి తీశాను. ముసలాయన చూసి, ఏ పురాణమని అడిగాడు.

“పురాణం కాదు మామా. ప్రేమ కథ. అత్తమ్మ ఇనుకుంట ఉంటే నేనే నడుమ ఆపిన.”

ఆకు ముందు గట్టు మీద కూర్చున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెట్టాను. కాపలావాడు దారి చూపించాడు. ఆ పిల్ల అతని మంచం పక్కన కూర్చున్నది. ఆ తర్వాత ముప్పై పేజీల్లో జరిగేదేమీ లేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. పొద్దున నుంచి దీపాలు పెట్టేదాకా. రాని ఉత్తరాల్లో ఏం రాసిందో ఆమె చెబుతుంది, ఏం రాశాడో అతను చెబుతాడు. ఎవరు ముందు ఎవరిని చూశారని దెబ్బలాడుకుంటారు. దారిలో ఆమె తిన్న మాడిన రొట్టె గురించి చెబితే అతను నవ్వుతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ చావు ఒక్కటే కనిపించింది. ఇదంతా కనిపించలేదు. ఎట్లా కనిపించలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ముసలాయన ముందు లేచాడు. తర్వాత ఒక్కొక్కరే ఊరి దారి పట్టారు. బామ్మర్ది కూడా కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని పోయాడు. నా భార్య ఒక్కతే ఆ పక్కన గట్టు మీద మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నది. ఒకచోట ఆగాను. ఆమె తల ఎత్తకుండానే చదవమని చెయ్యి ఊపింది. చదివాను. అతను ఆమె చేతిని గుండెల మీద పెట్టుకున్న పేజీ చదివాను. అతని ఊపిరి ఆగిన పేజీ చదివాను. ఒక్క ఆకు ఎక్కువ తిప్పలేదు.

చివరి వాక్యం అయ్యాక తల ఎత్తి చూశాను. ఆకులో మెతుకు లేదు. కాకి తిన్నదో, కుక్క తిన్నదో, ఎప్పుడు తిన్నదో నేను చూడలేదు. నువ్వు చూసినవా అని నా భార్యను అడిగాను. లేదన్నది. కథ వింటున్నదట.

“గంతసేపు మాట్లాడుకున్నరా ఇద్దరు?” అని అడిగింది.

అవునన్నాను. ఆమె జరిగి నాకు కొంచెం దగ్గరగా కూర్చున్నది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఖాళీ మోదుగాకు తడి బూడిదకు ఒక అంచున అతుక్కుని, గాలి వచ్చినప్పుడల్లా రెండో అంచు లేచి పడుతున్నది.